నీలం సోడా సీసా

మొన్న గుడివాడ బస్టాండులో ఎవరో గోలీ సోడా కొట్టారు. కీచుమన్న ఆ చప్పుడు, వెంటనే ముక్కుకు తగిలిన నిమ్మకాయ వాసన నన్ను ఉన్నచోటే నిలబెట్టేశాయి. పాతికేళ్ల కిందట బందరు టెలిఫోన్ ఆఫీసులో నా దగ్గర లైన్‌మన్‌గా పనిచేసిన వీరాస్వామి గారు గుర్తొచ్చారు. ఉద్యోగంలో నేను ఆయనకు పైఅధికారిని. తక్కిన అన్ని విషయాల్లోనూ ఆయనే నాకు పెద్ద.

దివిసీమ ఊళ్లన్నీ స్తంభం స్తంభం తిరిగిన మనిషి. వెళ్లిన చోటల్లా మూలనపడ్డ పాత సోడా సీసాలు అడిగి తెచ్చుకునేవారు. నేను మొదటిసారి చిలకలపూడిలోని వాళ్లింటికి వెళ్లినప్పుడు చూస్తే, గోడ పొడుగునా చెక్క బల్లల మీద అవే. కిటికీలోంచి ఎండ పడి గదంతా లేతాకుపచ్చగా, నీళ్ల అడుగున ఉన్నట్టుంది. "ఎన్నుంటాయండీ?" అన్నాను.

"లెక్కపెట్టలేదు మేడమ్. ఏది ఎవరిదో మాత్రం తెలుసు," అని ఒక సీసా నా చేతిలో పెట్టారు. "ఇది మొవ్వలో ఓ కిళ్లీకొట్టు ఆయనది. ఎడంచేతి వాటం మనిషి. మూతి ఈ పక్కే అరిగింది, తడిమి చూడండి." వేలికి నిజంగానే తగిలింది. ఎన్నడూ చూడని మనిషి చెయ్యి పట్టుకున్నట్టయింది.

ఆయన దగ్గర లేనిది ఒక్కటే. నాగాయలంకలో ఎప్పుడో మూతపడిన ఓ సోడా ఫ్యాక్టరీ వాళ్ల ముదురు నీలం సీసా. మెడ కింద గాజులోనే పోతపోసిన చుక్క గుర్తు ఉంటుందట. పన్నెండేళ్లుగా దానికోసం వెతుకుతున్నారు.

ఒకసారి గాలివానకు తెగిన లైను చూడడానికి మంగినపూడి వెళ్లాం. మంచినీళ్ల కోసం ఒక జాలరి ఇంటి ముందు ఆగాం. నాంచారమ్మ అనే ఆ ఇంటి కోడలు మాకు నీళ్లిచ్చి, ఉయ్యాల్లో పాప ఏడుపు ఆపడానికి ఏదో తీసి గలగలమని ఆడించింది. నీలం సీసా. చుక్క గుర్తు. లోపల గోలీ.

వీరాస్వామి గారు తాగుతున్న గ్లాసు కింద పెట్టేశారు. "ఓసారి చూడొచ్చా అమ్మా?" అని సీసాను రెండు చేతులతో అందుకున్నారు. వెలుగుకేసి పట్టి చాలాసేపు చూశారు. తర్వాత మూతి చుట్టూ వేలు తిప్పి, ఒకచోట ఆగి, సంచిలోంచి నల్ల టేపు తీసి అంచంతా మూడు చుట్లు చుట్టారు. "ఇక్కడ కాస్త పెచ్చు లేచిందమ్మా, పాపకి గీసుకుంటుంది," అని తిరిగిచ్చేశారు.

జీపెక్కాక నేను ఉండబట్టలేకపోయాను. "అడిగితే ఇచ్చేసేదిగా?"

"ఇచ్చేసేదే మేడమ్. అందుకే అడగలేదు. నావన్నీ పని మానేసిన సీసాలండి. అదింకా పనిలో ఉంది."

బందరు వచ్చేదాకా ఆయన సముద్రం వైపే తల తిప్పుకుని కూర్చున్నారు. పన్నెండేళ్లు వెతికింది చేతికందాక ఎలా వదలగలిగారో ఆ వయసులో నాకు అర్థం కాలేదు. ఆ మనిషి పక్కన కూర్చోడానికి మాత్రం ఏదో బెరుకు కలిగింది.

రెండేళ్ల తర్వాత నాంచారమ్మ మా ఆఫీసుకొచ్చింది. చంకలో పాప, చేతిలో గుడ్డ మూట. "పగిలిపోయిందండీ బాబాయ్ గారూ. ఆ రోజు మీరు దాన్ని చూసిన చూపు మర్చిపోలేకపోయానండీ. అప్పుడే ఇచ్చేయాల్సింది," అంటూ కళ్లొత్తుకుంది.

ఆయన వెంటనే మూట విప్పలేదు. ముందు పాప అరచేతులు రెండూ తిప్పి చూశారు. "ఎక్కడా కోసుకోలేదుగా?" లేదన్నాకే కూర్చుని మూట విప్పారు. పెంకుల్లోంచి గోలీ ఏరి, చిన్న స్టీలు డబ్బాలో వేసి, మూత గట్టిగా బిగించి పాప చేతికిచ్చారు. "ఆ చప్పుడు అలవాటైందిగా తల్లీ!" పాప ఊపి చూసి నవ్వింది. ఆయన ముఖంలో అంత వెలుగు నేను ముందెప్పుడూ చూడలేదు. పెంకుల్ని ఇంటికి తీసుకెళ్లి, అతికించకుండానే, నడి బల్ల మీద గుడ్డ పరిచి పెట్టుకున్నారు.

ఇప్పుడు నేను పాత కలంకారీ అచ్చులు సేకరిస్తున్నాను. కిందటి నెల పెడనలో ఒక ముసలాయన తన తాతల నాటి హంస అచ్చు చూపించారు. అలాంటిది మళ్లీ దొరకదని చేతిలోకి తీసుకోగానే తెలిసింది. "కావాలంటే తీసుకెళ్లండమ్మా," అన్నారాయన. చెక్కడపు గీతల్లో రంగు ఇంకా తడిగా ఉంది. నా వేళ్లు దాన్ని వదలడానికి చాలాసేపే పట్టింది. చివరికి ఆయన చేతికి అందేచోట పెట్టి, బయటికి వచ్చేశాను.