వేట నిషేధంలో తిరిగిన కిలోమీటర్లు

నా తోడికోడలు పదో తరగతితో చదువు ఆపేసింది, నేను బీకాం. ఇద్దరమూ జువ్వలదిన్నె రేవులో చేపలు తీసుకుని, ఎవరి స్కూటర్ మీద వాళ్లం అల్లూరులో ఇళ్లకూ హోటళ్లకూ చేరవేస్తాం.

పని మీద తిరిగిన కిలోమీటర్ల ఖర్చును ఆదాయంలోంచి తీసేస్తే పన్ను తగ్గుతుందనీ, రోజూ మీటర్ అంకె రాసుకోమనీ ఆడిటర్ గారు ఇద్దరికీ చెప్పారు. ఆమె బండి ఎక్కేముందు ఒకసారి, దిగాక ఒకసారి రాసేది. బీకాం చదివినదాన్ని, నాకు గుర్తుండదా అనుకున్నాను. చివరికి రెండు రోజులు కూర్చుని ఏడాదంతా ఒకేసారి రాసేశాను. ఆమె పుస్తకం కంటే నాది అందంగా ఉండాలని ఎర్ర గీతలు కూడా కొట్టాను.

ఆడిటర్ గారు ఆమె పుస్తకాన్ని మెచ్చుకుంటూ తిప్పుతుంటే నాకు ఒళ్లు మండింది. నాది ముందుకు తోశాను. ఆమె పక్కనుంచి తొంగిచూసింది.

"అక్కా, మే నెలంతా జువ్వలదిన్నె పోయినట్టు రాసినావే! అప్పుడు వేట నిషేధం కదా, బోట్లే కదల్లేదు. ఏం తెచ్చినావు, ఇసకా?"

"సముద్రం చూద్దామని పోయినా. నీకేం?"

ఆడిటర్ గారు నవ్వు ఆపుకుంటూ, ఇక ఇందులో ఏ రోజునూ నమ్మలేనని పుస్తకం పక్కన పెట్టేశారు. నిజంగా తిరిగిన కిలోమీటర్లూ పోయాయి. అరగంట వాదించినా లాభం లేకపోయింది. ఆమెకు పన్ను తగ్గింది, నాకు తగ్గలేదు.

మెట్లు దిగుతుంటే ఆమె నా చేయి పట్టుకుని, "రేపట్నించి నీ బండిది కూడా నేనే రాసిపెడతాలే అక్కా" అంది. ఎగతాళి చేసినా ఓర్చుకునేదాన్ని. మనసారా అంది. అందుకే ఆమె మీద నా కుళ్లు ఇప్పటికీ పోలేదు.