మూలన పెట్టిన గుండీ

మా బావ టైల్స్ మేస్త్రి. సిమెంటు కలిపేముందు గదంతా బిళ్ళలు ఉత్తినే పరిచి చూసుకుంటాడు. చివరి మూల దగ్గర ముక్క సరిపోతుందని తేలాకే మొదటి బిళ్ళ అంటిస్తాడు. పని బంగారం, మనిషి మాత్రం బండ. ఈ మాట ఆయన మొహం మీదే అంటాను, నాకేం భయం?

పెళ్ళైన కొత్తలో, మిగిలిపోయిన ఆరు మూలల బిళ్ళలు ఐదు వరసలు, వరసకి ఐదు చొప్పున చెక్కకి అంటించి మా అక్కకో ఆట పలక చేసిచ్చాడు. తెల్ల గుండీలు అక్కవి, నల్లవి బావవి. ఒకరి తర్వాత ఒకరు ఒక్కో బిళ్ళ మీద గుండీ పెడుతూ, అక్క ఎడమ అంచు నుంచి కుడి అంచుకి దారి కట్టాలి, బావ పైనుంచి కిందికి. ఎవరి దారి ముందు కలిస్తే వాళ్ళదే ఆట. అక్క ఆడేది తక్కువ, వాగేది ఎక్కువ. "అదిగో, పాలు పొంగుతున్నాయ్!" అని ఈయన్ని వంటింట్లోకి తరిమి గుండీ జరిపేసేది, దొంగ మొహంది. రోజూ పోట్లాటే, రోజూ నవ్వులే.

అలాంటి అక్కకి పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది, కుడి చెయ్యి పడిపోయింది. ఆ నోరు మూగబోయాక ఇల్లెలా ఉందో చెప్పడం నా వల్ల కాదు. బావ ఆట పలక తెచ్చి మంచం మీద పెట్టాడు. అక్క ఎడం చేత్తో ఆడి గెలిచింది. సగం మొహంతో నవ్వింది.

ఆ నవ్వు చూసి మా మహానుభావుడు అక్క ఇక ఎప్పుడూ ఓడకూడదనుకున్నాడు. గది పరిచినట్టే ఆటంతా పరిచి చూడ్డం మొదలెట్టాడు. పని దగ్గర భోజనాల వేళ నేల మీద సుద్దతో గళ్ళు గీసుకుని, ఇక్కడ పెడితే ఏమౌతుంది, అక్కడ పెడితే ఏమౌతుంది అని ఒక్కో ఎత్తూ తవ్వి తీశాడు. ముందాడేవాళ్ళు సరిగ్గా నడిమధ్యన పెట్టి తర్వాత తప్పు చెయ్యకపోతే, ఎదుటివాడు తలకిందులుగా తపస్సు చేసినా గెలవలేడని తేల్చాడు. ఆ ఎత్తూ, దాని తర్వాతివీ అక్కకి నేర్పించాడు. రోజూ ముందాట అక్కదే, గెలుపూ అక్కదే. చప్పట్లు ఈయనవి. నవ్వు మాత్రం ఎటో పోయింది.

ఓ సాయంత్రం అక్క మొదటి గుండీ మూలన పెట్టింది. అక్కడ పెడితే ఓటమి ఖాయం. "అక్కడ కాదే" అని బావ దాన్ని తీసి మధ్యలో పెట్టాడు. అక్క మళ్ళీ మూలకి జరిపింది. ఈయన మళ్ళీ మధ్యకి. ఏడుస్తూ నా దగ్గరికొచ్చాడు.

"మీ అక్కకి మతి కూడా పోతోందే. నేర్పిందంతా మర్చిపోయింది."

నేను వెళ్ళి అక్కకి ఎదురుగా కూర్చున్నాను. మూలనే పెట్టింది. నేను తీయలేదు, నాకు తోచినట్టు ఆడాను. అక్క నుదురు చిట్లించి, ఆలోచించి, నా దారికి అడ్డంపడి, చివరికి ఓడిపోయి, కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వింది.

నాకు ఒళ్ళు మండింది. "మతి పోయింది దానికి కాదు బావా, నీకు! అది ఆడుకుందాం అంటోంది. నువ్వేమో పాఠం అప్పజెప్పించుకుంటున్నావ్."

"ఓడిపోతానని తెలిసీనా?"

"తెలిసే!"

మర్నాడు బావ ఆ మూల గుండీని ముట్టుకోలేదు. కానీ ఏం లాభం? ప్రతిదానికీ జవాబు ఈయనకి ముందే తెలుసు. వద్దనుకున్నా చెయ్యి నేరుగా గెలిచే చోటికే పోయేది. కావాలని తప్పు ఎత్తు వేస్తే అక్క ఇట్టే పసిగట్టేసింది. ఇన్నేళ్ళు కాపురం చేసింది, ఆ మాత్రం తెలీదా? గుండీ పక్కన పడేసి గోడవైపు తిరిగింది.

అప్పుడు వాకిట్లో పెద్ద పలక మొదలెట్టాడు పాపం. పదకొండు వరసలు, వరసకి పదకొండు బిళ్ళలు. అంత ఆటని ముందే పరిచి చూడ్డం ఆయన తరం కాదు. "ఈసారి నాకూ ఏం తెలీదే, ఇద్దరం సమానం" అని అక్కకి చెప్పాడు. అక్క ఇటు తిరిగింది. బిళ్ళలు ఎప్పుడు ఆరతాయా అని గుమ్మం వైపే చూస్తూ పడుకుంది.

ఆరకముందే జబ్బు రెండోసారి వచ్చింది. ఈసారి అక్కని తీసుకునే పోయింది.

అంతా అయిపోయి చుట్టాలు వెళ్ళిపోయాక ఒకరోజు వాళ్ళింటికి వెళ్ళాను. బావ ఆ పెద్ద పలక ముందు కూర్చుని ఉన్నాడు, చేతిలో తెల్ల గుండీ పట్టుకుని.

"ముందాట మీ అక్కది," అన్నాడు. "ఎక్కడ పెట్టేదంటావే?"

"నాకేం తెలుసు బావా," అన్నాను.

"నాకూ తెలీదే," అని భోరుమన్నాడు.