చెప్పులు విప్పిన కొండ

పత్రికలో ఉద్యోగ విరమణ చేసిన ఏడాది, ముగ్గురు మిత్రులతో కలిసి కార్వేటినగరం దగ్గర నిటారుగా ఉన్న ఒక గ్రానైట్ కొండ ఎక్కాను. తిరుపతిలో పుట్టి పెరిగినవాణ్ణి. కొండ మొదలు కనబడగానే అలవాటుగా చెప్పులు విప్పి, ఒక గుండురాయి నీడన పెట్టేశాను. పొద్దున రాయి చల్లగా ఉంది. బూట్లు జారి అవస్థ పడుతున్న మిత్రుల కంటే ముందే పైకి చేరి, కాస్త గొప్పలు కూడా పోయాను.

దిగేటప్పటికి మిట్టమధ్యాహ్నం. బండ పెనంలా కాలుతోంది. సగం వాలులో నిలబడలేక గంతులు వేస్తున్నాను. కాలు తప్పితే నేరుగా కిందికే. అటుగా మేకలు తోలుకొస్తున్న ఒక అవ్వ ఆగింది.

"చెప్పులు యాడ సామీ?"

"కొండ కదా అని కింద ఇడిసినానవ్వా."

"దేవుడుండే కొండకైతే ఇడస్తారు. దీని పైన ఎవురుండారని ఇడిసినావు?"

మిత్రులు పగలబడి నవ్వుతూనే తమ తువ్వాళ్లు నా పాదాలకు చుట్టారు. కూర్చుని జరుగుతూ, ప్యాంటు చిరుగుతున్నా లెక్కచేయకుండా కిందికి చేరాను. చెప్పులు పెట్టినచోటే చల్లగా ఉన్నాయి.

ఇప్పటికీ కొండ కనబడితే నా చెయ్యి చెప్పుల మీదికే పోతుంది. కాకపోతే, పైన ఎవరున్నారో ముందు కనుక్కుంటున్నాను.