సెనిమిలి గుర్రం ఎక్కలేదు

దీవి నడుమ పారే వైనింబుకా నది ఒడ్డున తొరిక అల్లిన చాపలంటే చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పేరు. పెళ్ళికైనా చావుకైనా ఆమె చాప పరిస్తేగాని పెద్దలు కూర్చునేవారు కారు. అలాంటి మనిషి, కూతురు సెనిమిలి పోయాక చాపలల్లే మొగలి ఆకు ముట్టడమే మానేసింది.

ఏడేళ్ళ పిల్ల. జ్వరం వచ్చింది. నది పొంగి ఉంది, ఆస్పత్రికి పడవ వెయ్యడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. వరద తీసేసరికి పిల్ల లేదు.

చావుకు నూరో రాత్రి విందు పెట్టి, ఊరి ఆనవాయితీ ప్రకారం అందరూ సంతాపపు నల్లబట్టలు విడిచారు. తొరిక కూడా విడిచింది గానీ నోరు విప్పలేదు. ఆమె మొగుడు అపెనిసా నలుగురితో మాట్లాడేవాడే. పొద్దంతా కొండమీద తోటపని చేసుకుని, సాయంత్రం నలుగురూ పంచుకు తాగే యంగోనా వేరు కషాయం గిన్నె ముందు కూర్చుని నవ్వేవాడు కూడాను. కాకపోతే పిల్ల పేరు మాత్రం పెదవి దాటనిచ్చేవాడు కాదు.

ఊరి బడికి ఒక హాస్టల్ ఉంది. కొండ ఊళ్ళ పిల్లలు సోమవారం దిగివచ్చి శుక్రవారం దాకా అక్కడే ఉంటారు. వాళ్ళను చూసుకునేది అపెనిసా అక్క మకెరెతా. ఒక వానాకాలం ఆవిడ వచ్చి తొరిక గుమ్మంలో నిలబడింది.

"ఏమే, నోరెక్కడ తాకట్టు పెట్టావ్? నీ మౌనవ్రతానికి మా తమ్ముడు ఎండు రొయ్యలా అయిపోతున్నాడు. పద, కొత్త పిల్లలు అమ్మ కావాలని ఒకటే ఏడుపు. కింద సిమెంటు నేల, పైన దిక్కుమాలిన వాన. ఆ మూల చుట్టపెట్టిన చాపలేవో పట్టుకురా. దాచుకుని ఎవరికిస్తావ్?"

ఆ చివరి మాట అన్నాక మకెరెతా నాలిక కరుచుకుంది. తొరిక మాత్రం లేచి చాపలు భుజానికెత్తుకుంది.

హాస్టల్లో ఉనైసి అనే చిన్నపిల్ల మోకాళ్ళలో తలపెట్టుకుని వెక్కుతోంది. బయట నది హోరు. తొరిక చాప పరిచి ఆ పిల్ల పక్కన కూలబడింది. ఏం చెయ్యాలో తోచలేదు. తోచకుండానే మాట వచ్చేసింది.

"మా సెనిమిలికి కూడా ఈ హోరంటే భయమే. ఏం చేసేదో తెలుసా? నెత్తిన కుండ బోర్లించుకుని ఒడ్డుకెళ్ళి, 'నోర్ముయ్, మా నాన్న పడుకున్నాడు' అని నదిని తిట్టేది."

ఉనైసి తలెత్తింది. "నది నోరు మూసుకుందా?"

"దానికేం సిగ్గు? ఇంకా అరిచింది."

ఆ రోజునుంచి సాయంత్రం కాగానే తొరిక హాస్టల్లో ఉండేది. పగలు మళ్ళీ మొగలి ఆకులు చీల్చడం మొదలుపెట్టింది. కొత్తగా చేరిన ప్రతి పిల్లకీ పిల్లాడికీ అంచుకి రంగు ఉన్ని కుట్టిన పడక చాప ఒకటి. అది చూసి ఊరి ఆడవాళ్ళు ఒకరు దుప్పట్లు, ఒకరు సబ్బులు, ఒకరు ఉడికించిన కర్రపెండలం తెచ్చి ఇవ్వసాగారు. "సెనిమిలి పేరు మీద" అనేవారు, గొంతు తగ్గించి.

అయితే ఏడేళ్ళ బతుకులో కథలెన్నని ఉంటాయి? అవి అయిపోయాయి. పిల్లలేమో ఊరుకోరు. తొరిక కల్పించడం మొదలుపెట్టింది. సెనిమిలి తెల్లగుర్రం ఎక్కి కొండ శిఖరానికి వెళ్ళిందంది. మబ్బును తోక పట్టుకుని లాక్కొచ్చిందంది. పిల్ల లేదని మాత్రం అనలేదు. "ఇప్పుడు ఏ క్లాసు?" అనడిగితే, "మీకంటే పెద్దది" అని దాటేసేది.

అలా సెనిమిలి పోయి నాలుగేళ్ళయింది. ఒక సాయంత్రం ఉనైసి మామూలుగా, వాన వచ్చిందన్నట్టు చెప్పింది.

"అత్తా, నిన్న సెనిమిలి వచ్చింది. నా దుప్పటి జారిపోతే కప్పింది."

"నాక్కూడా కప్పింది," అన్నాడు ఇంకొకడు. "గుర్రం వాసనేసింది."

తొరిక ఆ రాత్రి అక్కడ ఆగలేదు. ఇంటికెళ్ళి మొగుడితో చెప్పింది. అపెనిసా చేతిలోని కొబ్బరి చిప్ప కింద పెట్టాడు.

"గుర్రమా? సెనిమిలి గుర్రం ఎక్కడమేమిటే? గుర్రం కనిపిస్తే భయంతో నా మెడెక్కేది కదా! ఎవరి కూతురి కథలు చెబుతున్నావ్ నువ్వు?"

ఇన్నేళ్ళకు అతని నోట ఆ పేరు. తొరిక కళ్ళు మూసుకుని పిల్లను తలుచుకుంది. కళ్ళముందు గుర్రం మీద పిల్లే మెదిలింది. మాట్లాడించబోతే, అది కథలో తను పెట్టిన గొంతు.

"దాని గొంతు నాకు గుర్తు రావట్లేదయ్యా," అని బావురుమంది.

అపెనిసా చిప్పను పక్కకి జరిపాడు. "బొంగురు," అన్నాడు. "పొద్దున లేవగానే మరీను. 'నాన్నా' అంటే కప్ప అరిచినట్టుండేది."

మర్నాడు సాయంత్రం అతనూ వచ్చి హాస్టల్ గడపమీద కూర్చున్నాడు. తొరిక తడబడితే సరిదిద్దాడు. గుర్రాన్ని చూసి పిల్ల తన మెడెక్కి జుట్టు ఎలా పీకేదో చేసి చూపిస్తే పిల్లలు పడి పడి నవ్వారు. నవ్వు ఆగాక ఉనైసి అడిగింది.

"మరి ఇప్పుడెక్కడుంది మామా?"

తొరిక చాప అంచు ఉన్ని సర్దసాగింది. అపెనిసాయే అన్నాడు, "చర్చి వెనక మిట్టమీద. పొద్దున చూపిస్తా."

పొద్దున్నే అందరినీ తీసుకెళ్ళారు. సమాధి మీద రంగుగుడ్డలు వానకు వెలిసి ఉన్నాయి. పిల్లలు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఉనైసి ఆ మట్టి పొడవును కళ్ళతోనే కొలిచి, తల అడ్డంగా ఊపింది.

"ఇది చిన్నపిల్లది అత్తా. మా దగ్గరకొచ్చే సెనిమిలి పెద్దది. మా అక్కంత ఉంటుంది."

ఉనైసి అక్కకు పదకొండేళ్ళు. సెనిమిలి ఉంటే అంతే. తొరిక అపెనిసా చెయ్యి పట్టుకుంది.

ఆ తర్వాత తొరిక జరిగినవే చెప్పేది. చెప్పినవే మళ్ళీ చెప్పినా పిల్లలు విన్నారు, చాపలు మాసి కొత్తవి వచ్చాయి, హాస్టల్ విడిచి పెద్ద బడికి వెళ్ళినవాళ్ళు వెళ్ళారు.

చాలా ఏళ్ళ తర్వాత ఒక శుక్రవారం ఆమె సబ్బుల సంచితో వస్తుంటే, రెల్లు అవతలి కొండదారిలో ఇళ్ళకు పోతున్న హాస్టల్ పిల్లల మాటలు వినిపించాయి. ఎప్పుడూ ఆమె చెప్పని కథ. అందులో సెనిమిలికి పెళ్ళయింది. కొండకవతల ఉంటోంది. పుట్టిన బిడ్డ నిద్రపోదట, ఒకటే ఏడుస్తుందట. సంచి భుజాన అలాగే ఉంచుకుని తొరిక రెల్లు మధ్య కదలకుండా నిలబడింది. పిలవలేదు, దిద్దలేదు.

ఇంటికొచ్చి అపెనిసాకు చెప్పింది. అతను కత్తి నూరడం ఆపాడు.

"మనవడా, మనవరాలా?"

"వినపడలేదు," అంది తొరిక. "మలుపు తిరిగిపోయారు."