పండరి పారబోసిన చాయ

కొత్తవాడలో జంపఖానాలు నేసే పండరికి అనుమానం ఉగ్గుపాలతోనే అబ్బింది. కూరలో ఉప్పు తగ్గితే భార్య డాక్టర్లతో కుమ్మక్కయిందనుకునే రకం. చిన్నప్పటి నుంచీ ఇన్సులిన్ సూది మీదే బతుకుతున్న మనిషి. తీపి అన్నది నాలుక మీద పెట్టడు.

ఈ చలికాలం అతనికి కొత్త అనుమానం పట్టుకుంది. పడుగుకు, అంటే నేతలో నిలువు దారాలకు, గంజి పట్టించే రోజున తెల్లారగట్లే వీధి పొడుగునా దారాలు సాగదీసి, గంజి అంటకుండా అంగీ విప్పి పనిచేయాలి. సరిగ్గా ఆ పొద్దుల్లోనే చెమటలు, చేతుల వణుకు, షుగర్ పడిపోవడం. మగ్గం మీద కూర్చున్న రోజుల్లో ఏమీ లేదు. గంజి పనికి సాయంగా ములుగు నుంచి బామ్మర్ది మొగిలయ్య వచ్చేదీ ఆ రోజుల్లోనే. ఒకసారి అతను అక్క పద్మలతకు చాటుగా ఏదో సీసా ఇవ్వడం పండరి కళ్లారా చూశాడు. తర్వాత చాయలో కొత్త వాసన తగిలింది. ఇంకేం, అక్కాతమ్ముడు కలిసి అడవి మందేదో పెడుతున్నారని తేల్చేసుకున్నాడు. అప్పటి నుంచి గంజి పొద్దుల్లో పద్మలత ఇచ్చిన చాయను ఆమె లోపలికి వెళ్లగానే మురుగు మోరీలో పోశాడు.

ఒక పొద్దున గంజి కుంచె పట్టిన చేయి పట్టు తప్పింది. పండరి పడుగు మీదికే ఒరిగాడు. తెలివి ఉంది గానీ మాట ముద్దగా వస్తోంది. మొగిలయ్య పరుగున ఆ సీసా తెచ్చి మూత తీశాడు.

"వద్దు... విషం" అన్నాడు పండరి.

"తేనె బావా. జర నోరు తెరువు."

తేనె నోట్లో పడి కాస్త తేరుకున్నాక దవాఖానకు తీసుకెళ్లారు. అక్కడ డాక్టరమ్మ అంతా విన్నది. కొంతమందికి మెడ దగ్గర, భుజాల దగ్గర గోధుమ రంగు కొవ్వు ఉంటుందని, చలి తగిలితే ఒంటికి వేడి పుట్టించడానికి అది కొంత చక్కెరను కూడా కాల్చుకుంటుందని చెప్పింది. "మీకు అదేనని గట్టిగ చెప్పలేను. చలిల వణికినా, ఖాళీ కడుపుతోటి పనిచేసినా షుగర్ పడిపోతది. స్వెటర్ వేసుకోండి, ఏదన్న తిన్నాకనే పనికి దిగండి. సూది డోసు మాత్రం నన్నడగకుండ మార్చొద్దు."

చంకలో పిల్లను పెట్టుకొని సంతంతా వెతికినట్టయింది పండరి పని. అయినా వెంటనే ఒప్పుకుంటే అతను పండరి ఎట్లా అవుతాడు? ఇంటికి రాగానే భార్యను నిలదీశాడు.

"తేనె సంగతి నాకెందుకు చెప్పలే?"

"చెప్తే తాగుదువా? నువ్వు వణుకుతాంటే సూడలేక కలిపిన" అంది పద్మలత. "మోరీ పొంటి చీమలు బారుకట్టినయి. ఇయ్యాల్నే సూసిన."

పండరి చూపు మోరీ వైపు పోయింది.

మళ్లీ గంజి పొద్దు వచ్చింది. మరకలైతే కానీ అని స్వెటర్ తొడుక్కున్నాడు. పద్మలత చాయ తెచ్చింది. అతని కళ్లెదుటే తాను ముందు ఒక గుక్క తాగి, తర్వాత గ్లాసు అందించింది. పండరికి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

"గట్ల చెయ్యకు పద్మా."

"రోజు గిట్లనే చేస్త" అందామె. "తాగు, సల్లారుతాంది."