కమాన్ కింద ఇద్దరం

నిరుడు బోధన్‌ల ఒక పాత ఇంటి ముందర కూలిన కమాన్‌ను ఇనుము లేకుండ, ఇటుకలు, డంగుసున్నంతోటి మళ్ల కట్టినం. లెక్కలు ఏసిన ఇంజనీర్ నేను, కట్టింది మేస్త్రి రాజన్న. ఆ ఊర్ల కిరాయి అర్రల ఒక్కదాన్నే ఉంటుంటి, నా అన్నోళ్లు ఎవ్వరు లేరు.

కమాన్ కింద ఆసరాగ పెట్టిన చెక్కలు తీసే రోజు రాజన్న నన్ను పిలిచిండు.

"చెక్కలు గుంజేటప్పుడు కట్టినోడు కింద నిలబడాలె. అయినంక ఇంటోళ్లు నీళ్లిచ్చి బయటికి పిలుస్తరు. గది మా ఇంటి పద్ధతి. లెక్క నీది గద బిడ్డా, నువ్వు గూడ రా."

కాదనలేక ఆయన పక్కన నిలబడ్డ. ఆఖరి చెక్క గుంజంగనే పైనుంచి సున్నం జలజల రాలింది. కండ్లు మూసుకున్న. నేనేసిన లెక్క ఒక్కటి గూడ యాదికి రాలే.

కమాన్ కదలలే.

బయట రాజన్న భార్య చెంబుల నీళ్లు పట్టుకొని ఎదురుచూస్తున్నది. ఆయన పోయి మొఖం కడుక్కున్నడు. నేను చున్నీ నిండ సున్నంతోటి కమాన్ కిందనే ఉండిపోయిన. నన్ను బయటికి రమ్మనేటోళ్లు లేరు.

"నీకోసం ఎవ్వరు రాలేదా బిడ్డా?" అనుకుంట ఆమె వచ్చి, మిగిలిన నీళ్లు నా దోసిట్ల పోసింది. మొఖం కడుక్కుంటనే ఏడ్చిన. ఆ నీళ్లల్ల ఎవ్వరికి కనబడలే.

ఇప్పటికి ఆ తొవ్వల పోతే నేను కమాన్ దిక్కు చూడ. చెయ్యి మాత్రం ఆ నీళ్లు తుడుచుకున్నట్టు మొఖం మీదికి పోతది.