జవాబొచ్చేదాకా చాట అక్కడే

పొద్దున ఏడున్నరకు ఎల్లారెడ్డిలో కామారెడ్డి బస్సెక్కాం. ఆడవాళ్లం ఆధార్ చూపిస్తే జీరో టికెట్, కాబట్టి దారి ఖర్చు లేదు. నాతో మా వాడకట్టు గంగవ్వక్క ఉంది. ఇద్దరం బీడీలు చుట్టేవాళ్లమే. ఆమె ఒడిలో చాట, చాటలో తడిగుడ్డలో చుట్టిన తునికాకు, తంబాకు, కత్తెర.

"ఏందక్కా, కార్ఖానా మొత్తం ఎత్తుకొస్తున్నవ్?" అన్నాడు కండక్టర్.

"ఆఫీసోళ్లు ఎంతసేపు కూసోబెడ్తరో! నా కూలి నువ్విస్తవా?" అంది గంగవ్వక్క. బస్సంతా నవ్వింది.

రెండేళ్ల కిందట, బీడీ కార్మికుల ఊపిరితిత్తుల మీద సర్కారు పరిశోధన అంటూ కొందరు మా వాడకొచ్చారు. మిషన్లోకి ఊదమంటే ఊదాం, రక్తమిమ్మంటే ఇచ్చాం. ఆర్నెల్లలో ఫలితం చెప్తామన్నారు. మళ్లీ పత్తా లేరు. గంగవ్వక్కకు దగ్గుతో నిద్ర లేదు. అంతకన్నా పెద్ద బెంగ కూతురు లావణ్య. పది పాసై, "నేను గూడ బీడీలు చేస్తనే అమ్మా" అని వెంటపడుతోంది.

"గిది ఊపిరి తినే పనో కాదో తెల్వకుంట పిల్ల ఒళ్లె చాట ఎట్ల వెడ్త?" అంటుంది గంగవ్వక్క. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు కోసమే ఈ ప్రయాణం.

లింగంపేట దాటాక ముందు సీటు పెద్దాయన మా సంగతి విని, "అడిగితే చెప్తరా బిడ్డా?" అని నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

"అడగకుంటే మాత్రం చెప్పిన్రా బాపు?" అన్నాను.

కామారెడ్డిలో దిగి చాయ్ తాగి నడిచాం. ఆ పరిశోధన చేయించిన ఆఫీసు పేరు రాయను. సారు ఇంకా రాలేదన్నారు. వరండాలో కూర్చున్నాం. గంగవ్వక్క చాట ఒళ్లో పెట్టుకుని చుట్టడం మొదలుపెట్టింది. అటెండర్ పరుగున వచ్చి, గోడ మీది కొత్త బోర్డు చూపించాడు. పొగాకు రహిత ప్రాంగణం, ఉల్లంఘిస్తే జరిమానా.

"అక్కా, బంద్ చెయ్! జుర్మానా పడ్తది!"

"ఎయ్యి. నేనెందుకొచ్చిన్నో గూడ రసీదు మీద రాయి." ఆమె చేతులు ఆగలేదు.

అంతలో సారు వచ్చాడు. మర్యాదస్తుడే. కుర్చీలో కూర్చోకుండానే చెప్పాడు.

"అమ్మా, నమూనాలు తీసుకునేందుకు అప్పటి బడ్జెట్‌ల పైసలొచ్చినయ్. పరీక్షలు చేసి ఫలితం తేల్చేందుకు తర్వాత ఏం రాలే. మీ రక్తం ల్యాబ్ ఫ్రిజ్‌ల భద్రంగనే ఉన్నది."

"మరి ఈ బోర్డుకు పైసలెక్కడియి సార్?" అన్నాను.

"అది పొగాకు నియంత్రణ పద్దు. వేరే."

వేరేనట! మేం చుట్టే ప్రతి కట్ట మీదా పన్ను పోతోంది. బోర్డు వద్దని నేననను, ఉండాల్సిందే. కానీ మమ్మల్ని ఆపడానికి పద్దు ఉంది, మా ఊపిరి ఏమైందో చూడ్డానికి లేదా? ఈ మాట ఆయన మొహమ్మీదే అడిగాను. "పైకి రాసిన. నేనేం జెయ్యనమ్మా?" అన్నాడు.

గంగవ్వక్క దగ్గుతూనే లేచింది. చాటను తీసుకెళ్లి సరిగ్గా ఆ బోర్డు కింద పెట్టింది.

"నా రక్తం మీ తాన్నే ఉన్నది. నా చాట గూడ ఉంచుకోండ్రి. జవాబిచ్చిన్నాడు తీస్కపోత."

అటెండర్ వంగబోయాడు. "ముట్టకు!" అంది. అతను సారు వైపు చూశాడు. సారు వద్దన్నట్టు చెయ్యి ఊపి గదిలోకి వెళ్లాడు.

బస్టాండులో జొన్నరొట్టె, టమాట పచ్చడి తిని రెండు గంటల బస్సెక్కాం.

"మరి రేపు దేంట్ల చేస్తవక్కా?" అని అడిగాను.

"పళ్లెంల చేస్త. నాకేంది!" అంది, ఖాళీ ఒళ్లో చేతులు పెట్టుకుని.

ఎల్లారెడ్డి బస్టాండుకు లావణ్య ఎదురొచ్చింది. "అమ్మా, చాటేదే?"

"ఆఫీసుల కూసున్నది. జవాబొచ్చేదాంక లేవది."

"మరి నేనెట్ల నేర్సుకోవాలె?"

"నేర్సుకోవు. పో, కాలేజీల పేరు రాయించుకో."

మీ వాడలో కూడా ఎవరైనా ఊదించుకుని, రక్తం తీసుకుని పోయి ఉంటే పొద్దున బస్సెక్కండి. రొట్టె కట్టుకోండి, ఆధార్ మరవకండి. చాట తప్పక తెచ్చుకోండి. ఆ వరండాలో ఇంకా చాలా జాగా ఉంది.